గోదావరి డెల్టాలో నిర్మాణ నిర్వహణపై పరిశోధన: ప్రశ్న ఎంచుకోవడం నుంచి నివేదిక దాకా

నిర్మాణ నిర్వహణలో ఎం.టెక్ ప్రాజెక్టు అనగానే మన కళాశాలల్లో ఒక అలవాటు స్థిరపడిపోయింది. వేరే దేశంలో ఎవరో చేసిన అధ్యయనం నుంచి పనుల ఆలస్యానికి నలభై కారణాలు తెచ్చుకోవడం, వాటిని ఆన్‌లైన్ ఫారంలో పెట్టి తెలిసిన ఇంజనీర్లకు పంపడం, వచ్చిన జవాబులకు ర్యాంకులు కట్టి నివేదిక ముగించడం. ఆ నలభై కారణాల్లో కాలువలకు నీరు కట్టేసే రోజులు ఉండవు. దాళ్వా (రబీ వరి) కోతలు ఉండవు. ఉప్పునీటి బోరు, వరదతో మూతపడిన ఇసుక రేవు, ఆషాఢం ఉండవు. అమలాపురంలోనో తణుకులోనో ఇల్లు కట్టించే వ్యక్తికి ఆ నివేదిక వల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

ఈ మార్గదర్శి మరో వరుస చెబుతుంది. ముందు సైటు, తరువాత రిజిస్టరు, ఆ తరువాత కంటితో చూసి లెక్కపెట్టడం, మనుషులతో మాట్లాడటం. ప్రశ్నాపత్రం అన్నిటికన్నా చివర. ఎం.టెక్, పీహెచ్‌డీ విద్యార్థులతో పాటు తమ సంస్థ పనితీరును లోతుగా పరిశీలించాలనుకునే సైటు ఇంజనీర్లకు కూడా ఇది పనికొస్తుంది.

1. ప్రశ్న సైటు దగ్గర దొరుకుతుంది

మొదటి రెండు మూడు వారాలు ఏ పద్ధతినీ ఎంచుకోకండి. మూడు రకాల పనిచోట్లు చూడండి: ఒక అపార్టుమెంటు, మేస్త్రీ చేతిమీద లేస్తున్న ఒక సొంత ఇల్లు, ఒక ప్రభుత్వ పని. పని మొదలయ్యే వేళకు ముందే అక్కడ ఉండండి. స్లాబు వేసే రోజున ఒకసారి, ఏ పనీ జరగని రోజున ఒకసారి వెళ్లండి. పని జరగని రోజున ఎక్కువ నేర్చుకుంటారు, ఎందుకంటే ఆ రోజు అక్కడ మిగిలిన కాపలాదారుకు పని ఎందుకు ఆగిందో తెలుసు, చెప్పే తీరికా ఉంటుంది.

డెల్టాలో పనిని నడిపించేది, ఆపేది మొదట నీరు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట (ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది) నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు బయలుదేరతాయి. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలువలకు నీరు కట్టేస్తారు. లాకులు, తూముల మరమ్మతులు, లైనింగు, పూడికతీత, కాలువ మీది చిన్న వంతెనల పునాదులు ఆ కొద్ది వారాల్లోనే జరగాలి. నీళ్లు వదిలాక మిగిలిపోయిన పని మళ్లీ వేసవి దాకా ఆగుతుంది. అంటే ఒప్పందం మీద సంతకం ఒక వారం ఆలస్యమైతే, పని పూర్తి కావడం ఏడాది ఆలస్యం కావచ్చు. ఇలాంటి స్వభావం ఏ విదేశీ జాబితాలోనూ కనిపించదు. 'ఏ తేదీలోగా ఒప్పందం కుదిరిన పనులు అదే వేసవిలో ముగిశాయి?' అన్న ఒక్క ప్రశ్న మంచి ఎం.టెక్ ప్రాజెక్టుకు సరిపోతుంది.

రెండోది నేల. మెత్తటి ఒండ్రు బంకమట్టి, పైపైనే తగిలే భూగర్భజలం. పునాది గోతిలో నీళ్లు తోడటానికి పట్టే రోజులు, పైలింగు యంత్రం కోసం ఎదురుచూపు, లోతట్టు పొలాన్ని లేఅవుటు వేసినప్పుడు మెరక చేయడానికి మట్టి దొరకడం, ఇవన్నీ నిర్వహణ సమస్యలే.

మూడోది ఉప్పు. తీరం వైపు, చెరువుల సాగు విస్తరించిన భీమవరం, నరసాపురం ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీరు ఉప్పన. కాంక్రీటు పనుల భారత ప్రమాణం (కోడ్) ఐ.ఎస్. 456:2000 ప్రకారం కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడ్లు ఇనుము ఉన్న పనికి లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఇనుము లేని పనికి 2000 మిల్లీగ్రాములు దాటకూడదు. పీహెచ్ 6కు తగ్గకూడదు. మీరు చేయాల్సింది రసాయన పరిశోధన కాదు. ఆ పరీక్ష ఎవరు చేయిస్తున్నారు, ఏ దశలో, ఫలితం ఎవరి చేతికి వెళుతోంది, బాగాలేదని తేలితే ఎవరు ఏం మారుస్తున్నారు అన్నది నిర్వహణ పరిశోధన.

ఇక మనుషులు. సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు జులై, ఆగస్టుల్లో, కోతలు నవంబరు, డిసెంబరుల్లో. దాళ్వా కోతలు ఏప్రిల్ ప్రాంతంలో. ఊళ్లోని కూలీలు పొలానికి మళ్లే రోజులివి. బయటి జిల్లాల నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవారు పండుగలకు సొంతూళ్లకు వెళ్లే రోజులు వేరు. కోత యంత్రాలు వచ్చాక ఆ మళ్లింపు ఎంత తగ్గిందన్నది కూడా కొలవదగిన ప్రశ్నే.

ఇలా నాలుగైదు ప్రశ్నలు చేతికి వచ్చాక ఒకదాన్ని బిగించాలి. 'కోనసీమలో నిర్మాణాల ఆలస్యానికి కారణాలు' అన్నది ప్రశ్న కాదు, శీర్షిక. 'అమలాపురం పురపాలక పరిధిలోని అపార్టుమెంటు సైట్లలో సార్వా కోతల నెలలోనూ దానికి ముందు నెలలోనూ ఒక తాపీ మేస్త్రీ రోజుకు కట్టే గోడ ఘనపరిమాణం ఎంత తేడాగా ఉంది?' అన్నది ప్రశ్న. అందులో చోటు ఉంది, కాలం ఉంది, ఎవరిని కొలవాలో ఉంది, ఏ కొలమానమో ఉంది. జవాబు దొరికితే దాన్ని వాడుకునే మనిషి ఒకరైనా ఉన్నారా అని కూడా అడగండి. గుత్తేదారు ఆ జవాబు చూసి తన పని వరుస మార్చుకోగలిగితే ప్రశ్న మంచిదే.

2. చదవడం

సైటు చూశాకే చదవమంటున్నాను. చూసినవాడికి ఏ వ్యాసం తన నేలకు వర్తిస్తుందో తెలుస్తుంది. మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. విదేశీ వ్యాసాలకు మీ కళాశాల గ్రంథాలయం ద్వారా వెళ్లండి.

చదివిన ప్రతిదానికీ ఒక పట్టికలో ఐదు గళ్లు నింపండి: ప్రశ్న, స్థలం, సమాచారం ఎలా సేకరించారు, ఎంత మంది లేదా ఎన్ని సైట్లు, ఏం తేలింది. ఇరవై వరుసలు నిండేసరికి మూడో గడిలో 'ప్రశ్నాపత్రం' అన్న మాటే పదే పదే కనిపిస్తుంది. కొలిచి చెప్పిన అధ్యయనాలు కొద్దిగా ఉంటాయి. మీరు చేరాల్సింది ఆ కొద్దిమందిలో.

3. ప్రశ్నకు తగిన పద్ధతి

'ఎంత?', 'ఎన్నిసార్లు?' అనే ప్రశ్నలకు కొలత, రిజిస్టరు. 'ఎలా జరుగుతోంది?', 'ఎందుకు ఇలాగే జరుగుతోంది?' అనే ప్రశ్నలకు ఒకటి రెండు సైట్లను లోతుగా చూసే కేస్ స్టడీ. 'ఈ మార్పు చేస్తే మెరుగవుతుందా?' అనే ప్రశ్నకు మార్పుకు ముందూ తరువాతా కొలిచే ప్రయోగం. వీలైతే మార్పు చేయని మరో సైటును పక్కన పెట్టుకుని పోల్చాలి. 'ఫలానా వర్గం ఏమనుకుంటోంది?' అన్న ప్రశ్నకు మాత్రమే అభిప్రాయ సేకరణ.

ఆలస్యానికి కారణమేమిటన్నది అభిప్రాయం కాదు, జరిగిన విషయం. దాన్ని అభిప్రాయ సేకరణతో తేల్చబోతే గుత్తేదారు బిల్లు చెల్లింపు అంటాడు, అధికారి గుత్తేదారు డబ్బు లేమి అంటాడు. ఇద్దరూ నిజాయితీగానే చెబుతారు, ఎవరి చోటు నుంచి కనిపించింది వారు చెబుతారు. రెండిటికీ సగటు తీస్తే నిజం రాదు.

4. రిజిస్టర్లు తెరవండి

ప్రభుత్వ పనుల్లో ఎం.బుక్కు (కొలతల పుస్తకం), మస్టర్ రోలు (కూలీల హాజరు పట్టీ), సిమెంటు రిజిస్టరు, కాంక్రీటు దిమ్మల బలం రాసే క్యూబ్ పరీక్షల రిజిస్టరు, పనికి వచ్చిన ఆటంకాలు రాసే హిండ్రన్స్ రిజిస్టరు, సైటు ఆర్డరు పుస్తకం ఉంటాయి. వీటిలో ఆటంకాల రిజిస్టరు మీకు బంగారు గని. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు, ఏ కారణంతో పని ఆగిందో ఇరుపక్షాల సంతకాలతో ఉండాల్సిన పుస్తకమది. అయితే గడువు పొడిగింపు దరఖాస్తు పెట్టే ముందు దాన్ని ఒకేసారి కూర్చుని నింపే అలవాటు కూడా ఉంటుంది. ఒకే సిరా, ఒకే దస్తూరీ, నెలల తరబడి ఒక్క కొట్టివేత కూడా లేకపోతే ఆ పుస్తకాన్ని మరో ఆధారంతో సరిచూడకుండా వాడకండి.

వానల కారణంగా పని ఆగిందని రాసి ఉంటే ఆ మండలం వర్షపాతం లెక్కతో పోల్చండి. వరద అని ఉంటే ధవళేశ్వరం వద్ద ఆ రోజున ప్రమాద హెచ్చరిక ఉందో లేదో చూడండి.

క్యూబ్ రిజిస్టరు చదవడానికి చిన్న సూత్రం ఉంది. ఐ.ఎస్. 456 ప్రకారం ఎం20, ఎం25 రకాల కాంక్రీటుకు ముందుగా ఊహించుకోవాల్సిన ప్రామాణిక విచలనం (ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) చదరపు మిల్లీమీటరుకు 4 న్యూటన్లు. అంటే మంచి పర్యవేక్షణలో కూడా ఫలితాలు అంత చెదురుగా ఉంటాయని కోడే ఒప్పుకుంటోంది. మీరు తెరిచిన రిజిస్టరులో ముప్పై ఫలితాల విచలనం 1 కూడా లేకపోతే అక్కడ పరీక్ష ఎలా జరుగుతోందో ముందు తెలుసుకోవాలి. ఎన్ని నమూనాలు తీశారో కూడా సరిచూడండి: ఒక రోజున 1 నుంచి 5 ఘనపు మీటర్ల కాంక్రీటుకు ఒక నమూనా, 6 నుంచి 15కు రెండు, 16 నుంచి 30కి మూడు, 31 నుంచి 50కి నాలుగు. ఆ పైన ప్రతి 50 ఘనపు మీటర్లకూ మరొకటి.

ఆలస్యం లెక్కించే ముందు ఏ తేదీ నుంచి లెక్కిస్తున్నారో స్థిరపరచుకోండి. ఒప్పందం తేదీ ఒకటి, సైటు అప్పగించిన తేదీ మరొకటి, నిజంగా తవ్వకం మొదలైన తేదీ ఇంకొకటి. ఈ మూడింటినీ వేర్వేరు గళ్లలో రాస్తే ఆలస్యంలో ఎంత భాగం సైటు అప్పగింతకు ముందే జరిగిపోయిందో కనిపిస్తుంది. చాలా నివేదికలు ఒకే గడి పెట్టుకుని ఈ సంగతిని పోగొట్టుకుంటాయి.

కార్యాలయం రికార్డు చూపించకపోతే ముందు మీ విభాగాధిపతి లేఖతో అడగండి. అవసరమైతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రాజెక్టు మొదటి నెలలోనే దరఖాస్తు పెడితే ఆ గడువు మీకు అడ్డు రాదు.

సొంత ఇళ్ల విషయం వేరు. చదరపు అడుగు లెక్కన లేబర్ కాంట్రాక్టు మాట్లాడుకుని, సామాను యజమాని కొనిచ్చే పద్ధతిలో రిజిస్టరే ఉండదు. కానీ మేస్త్రీ జేబులో చిన్న పుస్తకం ఉంటుంది, యజమాని దగ్గర సిమెంటు, ఇనుము బిల్లులు ఉంటాయి. యజమాని ఏ గల్ఫ్ దేశంలోనో హైదరాబాదులోనో ఉంటే ఇంటివాళ్లు పంపిన ఫోటోలు ఫోనులో తేదీలతో సహా ఉంటాయి. పునాది గోతి నుంచి స్లాబు దాకా ఆ ఫోటోలను తేదీల వారీగా పేర్చితే ఏ రిజిస్టరుకూ తీసిపోని కాలపట్టిక తయారవుతుంది. కుటుంబ ఫోటోలు పక్కన పెట్టి పని ఫోటోలు మాత్రమే ఇమ్మని, వాటిలో మనుషుల ముఖాలు నివేదికలోకి రావని ముందే చెప్పండి.

5. కంటితో చూసి లెక్కపెట్టడం

పని అధ్యయనం పుట్టిందే గోడ కట్టే చోట. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీ పని నేర్చుకుంటూ ఇటుక పేర్చడంలోని కదలికలను ఒక్కొక్కటిగా గమనించాడు. ఇటుకలు అందే ఎత్తును సరిచేసి, 18 కదలికలను 5 వరకు తగ్గించాడు. మన సైట్లలో ఆడకూలీలు ఇటుకలు ఎక్కడ దించుతున్నారో, మేస్త్రీ ఎన్నిసార్లు వంగుతున్నాడో అరగంట చూస్తే ఆ పని ఇంకా మిగిలే ఉందని అర్థమవుతుంది.

విద్యార్థికి అందుబాటులో ఉండే గొప్ప సాధనం వర్క్ శాంప్లింగ్. బ్రిటన్ బట్టల మిల్లుల్లో టిప్పెట్ 1930లలో దీన్ని మొదలుపెట్టాడు. రోజంతా గడియారం పట్టుకుని నిలబడనక్కర్లేదు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న వేళల్లో సైటును ఒక చుట్టు చుట్టి, ఆ క్షణంలో ప్రతి ఒక్కరూ ఏ స్థితిలో ఉన్నారో గుర్తు పెట్టడమే.

మూడు గళ్లు చాలు. నేరుగా పని: ఇటుక పెట్టడం, కాంక్రీటు పోయడం, కడ్డీ కట్టడం. తోడ్పాటు పని: మాలు కలపడం, మోయడం, కొలవడం, పరంజా కట్టడం. పని లేకపోవడం: ఎదురుచూపు, ఖాళీగా తిరగడం, విరామం. మాలు మోయడం ఏ గడిలోకి వస్తుందో ముందే రాసుకోండి. ఇద్దరు పరిశీలకులుంటే ఒక రోజు ఇద్దరూ ఒకే చుట్టు విడివిడిగా గుర్తు పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి నిర్వచనం సరిచేయండి.

ఎన్ని గుర్తులు కావాలి? సూత్రం: 95 శాతం నమ్మకానికి వాడే 1.96 వర్గాన్ని, అంచనా నిష్పత్తితోనూ దాన్ని 1 నుంచి తీసివేయగా మిగిలిన దానితోనూ గుణించి, అనుమతించే పొరపాటు వర్గంతో భాగించాలి. ముందస్తు పరిశీలనలో నేరుగా పని 40 శాతం కనిపించిందనుకుందాం, 5 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటే: 3.84 × 0.4 × 0.6 ÷ 0.0025, అంటే సుమారు 369 గుర్తులు. 12 మంది ఉన్న సైటులో 31 చుట్లు. ఒకటి గుర్తుంచుకోండి: ఇసుక అయిపోతే పన్నెండు మందీ ఒకేసారి ఖాళీగా నిలబడతారు. ఒక చుట్టులోని పన్నెండు గుర్తులు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి కనుక సూత్రం చెప్పిన దానికన్నా ఎక్కువ చుట్లు వేయాలి, అవి ఎక్కువ రోజుల మీద పరచుకోవాలి. ఒకే రోజున పది చుట్లు వేయడం కన్నా ఐదు రోజుల్లో రెండేసి వేయడం మేలు.

31 చుట్లలో 372 గుర్తులు వచ్చి, 141 నేరుగా పని, 119 తోడ్పాటు, 112 పని లేకపోవడం అని తేలితే, నేరుగా పని 37.9 శాతం, నమ్మకపు హద్దులు (అసలు విలువ ఉండగల పరిధి) సుమారు 33 నుంచి 42.8 శాతం. నివేదికలో ఆ హద్దులు కూడా రాయండి. అప్పుడే పక్క సైటులో వచ్చిన 41 శాతం నిజంగా వేరో కాదో చదివేవారికి తెలుస్తుంది.

చూస్తున్నారని తెలిస్తే మనుషుల పని తీరు మారుతుంది. షికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు జరిగిన అధ్యయనాలతో ఈ మాట ప్రసిద్ధమైంది. మందు ఒక్కటే: మీరు సైటుకు పాతవారు కావాలి. మొదటి వారం గుర్తులు పెట్టండి, కానీ లెక్కలో కలపకండి. మీరెవరో దాచి చూడటం మాత్రం తప్పు.

దీనితో పాటే వారం వారం చేయదగిన మరో కొలత ఉంది. గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ రూపొందించిన లాస్ట్ ప్లానర్ పద్ధతి నుంచి ఇది వచ్చింది. సోమవారం ఉదయం మేస్త్రీలు, సైటు ఇంజనీరు ఈ వారం పూర్తిచేస్తామన్న పనులు రాయించుకోండి. శనివారం ఎన్ని పూర్తయ్యాయో చూడండి. 20 పనుల్లో 13 పూర్తయితే 65 శాతం. సగం అయిన పని కానట్టే లెక్క. మిగిలిన ఏడింటికీ కారణం అక్కడికక్కడే రాయండి. మూడు నెలలు ఇలా చేస్తే ఆలస్యానికి కారణాల పట్టిక మీ సైటు నుంచే, తేదీలతో సహా పుడుతుంది. నలభై కారణాల అరువు జాబితా కన్నా నాకు ఇది ఎన్నో రెట్లు విలువైనదిగా కనిపిస్తుంది.

6. మాట్లాడటం

మేస్త్రీని 'ఆలస్యానికి ప్రధాన కారణాలు చెప్పండి' అని అడిగితే అందరూ చెప్పేదే చెబుతారు. జరిగిన ఒక రోజును గురించి అడగండి.

'మేస్త్రీ గారూ, కిందటిసారి పని ఆగింది ఎప్పుడండీ?'

'మొన్న శుక్రవారం. రెండో అంతస్తు గోడ మధ్యలో ఆపేశామండీ.'

'ఆ రోజు పొద్దున్న మీరు వచ్చేసరికి ఏమేమి ఉన్నాయి, ఏది లేదు?'

'ఇటుక ఉంది, సిమెంటు ఉంది. ఇసుక లోడు రాత్రికి వస్తుందన్నారు, రాలేదు.'

'రాదని మీకు ఎప్పుడు తెలిసింది?'

ఈ చివరి ప్రశ్న దగ్గర అసలు విషయం బయటపడుతుంది. ఇసుక రాకపోవడం ఒక సమస్య, రాదన్న కబురు పదిమంది కూలీలు సైటుకు వచ్చాక తెలియడం మరో సమస్య. రెండోదాన్ని ఫోను కాల్‌తో తీర్చవచ్చు.

సంభాషణ తెలుగులోనే జరగాలి, వారు వాడిన మాటల్లోనే రాసుకోవాలి. అనుమతి అడిగి రికార్డు చేసుకోండి. ఆడకూలీలతో మాట్లాడేటప్పుడు వీలైతే ఒక విద్యార్థిని కూడా ఉండాలి, గుంపు మేస్త్రీ పక్కన ఉండకూడదు. ఒడిశా నుంచి వచ్చినవారి దగ్గర వారి భాష తెలిసిన మనిషి సాయం తీసుకోండి, కానీ ఆ మనిషి వాళ్ల కూలీ చెల్లించే వ్యక్తి కాకూడదు. కొత్త విషయం రావడం ఆగిపోయే వరకు మాట్లాడండి. ముందే ఒక అంకె పెట్టుకుని అక్కడికి ఆపేయవద్దు.

7. ఇప్పుడు ప్రశ్నాపత్రం

ఇంత పని అయ్యాక ప్రశ్నాపత్రం తయారుచేస్తే అందులోని ప్రతి వాక్యమూ మీ సైట్ల నుంచి వచ్చినదే అవుతుంది. పన్నెండు పదిహేను అంశాలు చాలు. తెలుగులో రాయండి. ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. 'ఇసుక, సిమెంటు సమయానికి అందకపోవడం' అని రెండు కలిపితే జవాబు దేనికో తెలియదు. లికర్ట్ 1932లో ప్రతిపాదించిన తరహా ఐదు మెట్ల కొలబద్ద వాడవచ్చు. పదిమందితో ముందు నింపించి, ఎక్కడ ఆగి ఆలోచించారో చూసి సరిచేయండి.

ఎవరికి ఇవ్వాలి? తెలిసినవారికి కాదు, ఒక జాబితా నుంచి ఎంచినవారికి. పురపాలక సంఘం భవన అనుమతుల జాబితా ఒక మంచి ఆధారం. 500 చదరపు మీటర్ల స్థలం లేదా 8 ఇళ్లు దాటిన ప్రాజెక్టులు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ)లో నమోదు కావాలి కనుక అపార్టుమెంట్లకు ఆ జాబితా ఉంది. మీ జాబితాలో 200 మంది ఉంటే, 95 శాతం నమ్మకంతో 5 శాతం పొరపాటుకు 132 మంది కావాలి: జాబితా చాలా పెద్దదైతే కావలసిన 384ను, 1కి 383ను 200తో భాగించిన దాన్ని కలిపి, ఆ మొత్తంతో భాగిస్తే వస్తుంది. ఎంతమందికి ఇచ్చారో, ఎంతమంది తిరిగి ఇచ్చారో రెండూ రాయండి.

ఒక అంశాన్ని జనం ఎంత ముఖ్యమనుకుంటున్నారో చెప్పే సాపేక్ష ప్రాధాన్య సూచిక లెక్క తేలికైనదే. 40 మందిలో 18 మంది 5, 12 మంది 4, ఆరుగురు 3, ముగ్గురు 2, ఒకరు 1 ఇస్తే మొత్తం 163. గరిష్ఠం 200. సూచిక 0.815. దాని పక్క అంశానికి 0.805 వస్తే మొదటిది ముఖ్యమనీ రెండోది తరువాతిదనీ తీర్పు చెప్పకండి, ఆ తేడా ఇద్దరు మనుషుల జవాబు మారితే తలకిందులవుతుంది.

గుత్తేదారుల ర్యాంకులకూ అధికారుల ర్యాంకులకూ పొంతన ఎంతో స్పియర్‌మన్ గుణకంతో చూడండి. పది అంశాల్లో తేడాల వర్గాల మొత్తం 66 అయితే గుణకం 0.6. వినడానికి పెద్దదే, కానీ పది అంశాలకు 5 శాతం స్థాయిలో కావలసిన అంకె 0.648. కనుక ఇద్దరూ ఏకీభవించారని రాయడానికి ఆధారం చాలదు. ఏ అంశంలో ఎక్కువ విభేదించారో రాయండి, చదివేవారికి అదే ఉపయోగం. క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటింది కాబట్టి ఫలితాలు నిజమని రాసే అలవాటు కూడా మానాలి. ఒకే భావాన్ని కొలిచే అంశాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో మాత్రమే అది చెబుతుంది.

8. కలిసివచ్చే కారణాలను విడదీయడం

డెల్టాలో పరిశోధన చేసేవారికి అతి కష్టమైనదీ, నా దృష్టిలో అతి ఆసక్తికరమైనదీ ఇదే. జులైలో కొత్త పనుల ప్రారంభం తగ్గిందనుకుందాం. ఆ నెలలో వానలు ఉంటాయి. నదిలో నీరు పెరిగి ఇసుక రేవుల్లో తవ్వకం ఆగుతుంది. సార్వా నాట్లకు కూలీలు వెళతారు. ఆషాఢం కనుక శంకుస్థాపనలు, గృహప్రవేశాలు ఉండవు. నాలుగు కారణాలూ ఒకే నెలలో పడ్డాయి. ఏది ఎంత?

సాయం పంచాంగమే చేస్తుంది. వాన, నాట్లు, కాలువ నీరు స్థూలంగా ఒకే నెలల్లో వస్తాయి. చాంద్రమాసం అలా కాదు, జరుగుతూ ఉంటుంది. ఆషాఢం 2023లో జూన్ 19న, 2024లో జులై 6న, 2025లో జూన్ 26న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల జులై మధ్యకు వెళుతుంది. కొన్నేళ్ల భవన అనుమతుల తేదీలు, సిమెంటు దుకాణాల వారం వారీ అమ్మకాలు సంపాదిస్తే, ప్రారంభాల తగ్గుదల జులై తేదీలను పట్టి ఉందో ఆషాఢాన్ని పట్టి ఉందో చూడవచ్చు. గురు, శుక్ర మూఢాలు వేరే నెలల్లో కూడా వస్తాయి కనుక, వానలేని కాలంలో వచ్చిన మూఢం మీకు మరింత స్పష్టమైన పరీక్ష.

ఇసుక ప్రభావాన్ని విడదీయాలంటే వానలకు ముందే నిల్వ చేసుకున్న సైట్లనూ చేసుకోని సైట్లనూ పోల్చండి. వాన ప్రభావానికి లోపలి పనులను, అంటే ప్లాస్టరింగు, టైల్స్, విద్యుత్ పనులను బయటి పనులతో పోల్చండి. వాన బయటి పనిని ఎక్కువ ఆపుతుంది, కూలీల కొరత రెండిటినీ తాకుతుంది. ఈ ఆలోచన కాగితం మీద పెట్టాకే కంప్యూటర్ ముందు కూర్చోండి. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది చిన్న విషయం, స్ప్రెడ్‌షీటుతో చాలావరకు అయిపోతుంది.

9. అనుమతి, భద్రత, మర్యాద

యజమాని అనుమతితో పాటు పనివారి అనుమతి కూడా కావాలి. పనిలేని గుర్తులు ఏ మనిషివో మీ కాగితంలో ఉండకూడదు. పేరు బదులు సంఖ్య, అదీ రోజుకొకటి మారాలి. 'ఎవరు ఖాళీగా ఉంటున్నారో మాకూ చెప్పండి' అని గుత్తేదారు అడిగితే చెప్పనని మొదటి రోజే స్పష్టం చేయండి. మీ నివేదిక వల్ల ఒక కూలీ పని పోతే ఆ పరిశోధనకు అర్థం లేదు.

హెల్మెట్టు, బూట్లు లేకుండా పైకి ఎక్కకండి. స్లాబు వేసే రోజున సెంట్రింగు (స్లాబును మోసే తాత్కాలిక ఆధారాలు) కిందికి వెళ్లవద్దు. ప్రమాదకరమైనది కళ్లముందు కనిపిస్తే, ఉదాహరణకు నాలుగున్నర మీటర్ల లోపు విస్తారమున్న స్లాబు ఆధారాలను ఏడు రోజులు కాకుండానే తీస్తుంటే, గమనికలు పక్కన పెట్టి వెంటనే సైటు ఇంజనీరుకు చెప్పండి. ఆ రోజు పరిశీలన పాడవుతుంది, పాడవనివ్వండి.

10. రాయడం, తిరిగి ఇవ్వడం

పద్ధతి అధ్యాయాన్ని సైటులో ఉన్నప్పుడే రాయండి, ముగిశాక గుర్తుండదు. మరొకరు అదే సైటులో అదే పని మళ్లీ చేయగలిగేంత వివరం ఉండాలి: గళ్ల నిర్వచనాలు, వేళలు ఎలా ఎంచారు, ఏ రోజులు వదిలేశారు, ఎందుకు. పరిమితులు రాసేటప్పుడు 'సమయాభావం' అని తప్పించుకోవద్దు. మీ ఫలితం ఎక్కడ వర్తించదో చెప్పండి. భీమవరం అపార్టుమెంట్లలో తేలినది రాజోలు సొంత ఇళ్లకు ఎందుకు వర్తించకపోవచ్చో రెండు పేరాల్లో వివరిస్తే, అది తరువాత వచ్చేవారికి దారి చూపుతుంది.

సమర్పించే ముందు ఒక పేజీలో తెలుగులో ఫలితాలు రాసి, మీరు చూసిన సైట్లకు తీసుకెళ్లండి. మధ్యాహ్నం భోజనం వేళ అయ్యాక మేస్త్రీలకు చదివి వినిపించండి. 'ఇది సరికాదు, ఆ వారం లారీల సమ్మె' అని ఎవరైనా అంటే రాసుకుని, ఆ తేదీలను సరిచూసి, అధ్యాయంలో చేర్చండి. పేర్లు తొలగించిన మూల సమాచారాన్ని, గళ్ల వివరణతో సహా మీ విభాగంలో దాచండి. కాలువ పనుల మీద పరిశోధనకు ఒక వేసవి చాలదు. వచ్చే వేసవిలో కాలువలు కట్టినప్పుడు మరో విద్యార్థి మీ పట్టికకు కింది వరుస నుంచి మొదలుపెట్టగలగాలి.